ప్రస్థానం పెట్టిన అత్త

ఆ వేసవిలో అరకు కొండల మీదికి మేం పట్టుకెళ్ళిన సామానులో అన్నిటికంటే ముందు ఇల్లు కదిలింది మా మేనత్త. సామానులో అని నేను వేళాకోళానికి అనడం లేదు. ఆ మాట ఆవిడే అంది. మనిషిగా బయలుదేరే దారి లేక ఆవిడ సామానుగా బయలుదేరింది.

మా నాన్న రోడ్ల ఓవర్సీరు. శృంగవరపుకోట దగ్గర మా ఊరు. ఉగాది వెళ్ళిన కొన్నాళ్ళకి నాన్న ఘాటీ ఎక్కి, వానలు పడేలోపు రోడ్డు బాగు చేయించడానికి కొండ మీద డేరా వేసుకుని ఉండేవాడు. దాన్ని క్యాంపు అనేవారు. క్యాంపు నుంచి దిగి వచ్చేసరికి నాన్న చొక్కా ఆయన ఒంటి మీద కాకుండా దండెం మీద ఆరేసినట్టు వేలాడేది. అన్నం పలుకో, పప్పు మాడో, మజ్జిగ లేకో, ఏదో ఒకటి. చివరికి ఒక ఏడు అమ్మ కొంగు దోపి, "ఈసారి నేనూ పిల్లా వస్తాం, వండి పెడతాను" అని తేల్చేసింది.

"డేరా అంటే ఏమిటనుకున్నావు? దానికి తలుపు కూడా ఉండదు," అన్నాడు నాన్న.

"తలుపు తీసి ఉంచానని నన్ను కేకలేసే పని తప్పుతుంది మీకు," అంది అమ్మ.

అప్పుడు వంటింట్లోంచి అత్త గొంతు వినిపించింది. "నేనూ వస్తానురా తమ్ముడూ."

పొయ్యి మీద పాలు కూడా పొంగడం మానేశాయేమో అనిపించింది నాకు.

అత్త నాన్నకి అక్క. కాపురానికి వెళ్ళకముందే భర్త పోయాడు. నేను పుట్టేనాటికే ఆవిడ తెల్లపంచె, బోడితల, మడి. మా ఇంట్లో పెత్తనమంతా ఆవిడదే, కానీ అది వంటింటి గడప వరకే. గడప దాటాక ఆవిడకి ఏ పెత్తనమూ లేదు, గడప దాటే సందర్భమే అరుదు. సాయంత్రాలు పెరట్లో మడిబట్ట ఆరేస్తూ కొండల వైపు చూసేది. "ఆ కొండ వెనకాల ఏముంటుందే?" అని నన్నడిగేది. ఇంకో కొండ అనేదాన్ని. "దాని వెనకాల?" అనేది. నాకు తొమ్మిదేళ్ళు. నన్ను ఏదైనా అడిగే పెద్దవాళ్ళు ఇంట్లో ఇంకెవరూ లేరు కాబట్టి నాకు ఆవిడంటే ప్రాణం.

మేం వెళ్ళిపోతే ఆ వేసవి ఆవిడ ఎక్కడుంటుందో అందరికీ తెలుసు. పెదనాన్నగారి కొడుకు ఇంట్లో. వాళ్ళకి ఆవకాయ పెట్టే వేళకి మనిషి కావాలి. ఊరికి సరిపడా ఆవకాయ పెట్టేవారు వాళ్ళు. అంతకుముందు ఒక వేసవి అక్కడికి వెళ్ళి వచ్చి, కారం మంటకి అరచేతుల్లో వెన్న రాసుకుని రాత్రంతా కూర్చుంది. ఆ ఇంటికి పోకుండా కొండ ఎక్కాలి. ఆవిడకి కావలసింది అదొక్కటే, అంతకుమించి ఆవిడ ఎప్పుడూ ఏదీ అడగలేదు.

నాన్న తల గోక్కున్నాడు. "రావడానికేం అక్కా, కానీ బయలుదేరడం ఎలా?"

అదీ అసలు చిక్కు. ఎవరైనా ప్రయాణమై గడప దాటుతుంటే విధవ ఎదురు రాకూడదు. వస్తే వెనక్కి తిరిగి ఇంట్లోకి పోయి, కాళ్ళు కడుక్కుని, కాసేపు కూర్చుని, నీళ్ళు తాగి మళ్ళీ బయలుదేరాలి. నాన్న చెప్పుల చప్పుడు వినబడగానే అత్త తనంతట తనే సామాన్ల గదిలోకి పోయి తలుపు వేసుకునేది. ఎవరూ చెప్పక్కర్లేదు. ఇన్నేళ్ళకి కూడా ఆ తలుపు చప్పుడు తలుచుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది. ఒకసారి గదిలో పిల్లి ఉండి ఆవిడ బయటికి పరిగెత్తుకొచ్చింది. ఆ పూట పైఅధికారి తనిఖీకి నాన్న వెళ్ళాలి. వెనక్కి వచ్చి చెంబుడు నీళ్ళు తాగాడు. రెండోసారి బయలుదేరితే పిల్లి మళ్ళీ తరిమింది. మళ్ళీ చెంబుడు నీళ్ళు. తనిఖీ మధ్యలో ఆయన పొదల చాటుకి వెళ్ళిన వైనం నాన్న ఎప్పుడూ చెప్పలేదు, జవాను చెప్పాడు.

అలాంటి ఇంట్లో ఒక విధవ ప్రయాణం చెయ్యాలంటే ఎలా? ముందు నడిస్తే శకునం. మేం ఎక్కాక ఆవిడ వచ్చి ఎక్కితే బండికి ఎదురు వచ్చినట్టు. వెనక నుంచి వచ్చి పిలిస్తే ఇంకా తప్పు. అమ్మ ఇవన్నీ వేళ్ళు మడిచి మరీ చెప్పింది.

అత్త అన్నీ విని, చేట కింద పెట్టింది. "ప్రస్థానం ఎప్పుడు పెడుతున్నారు?"

మంచి ఘడియలో మనిషి కదలడానికి వీలు కాకపోతే మనిషికి బదులు ఒక మూటని కదిలించడం మాలో ఆచారం. ఆ ఘడియకి మూట గడప దాటి ఎదురింట్లో కూర్చుంటుంది. ఇక ప్రయాణం మొదలైపోయినట్టే, మనిషి రెండ్రోజులాగి తీరిగ్గా బయలుదేరవచ్చు. బళ్ళు శనివారానికి గానీ దొరకవు, మంచి ఘడియ మాత్రం గురువారమే ఉంది. అందుకని గురువారం ప్రస్థానం పెడదామనే అనుకున్నారు.

"ఆ మూటతో నేనూ పోతాను," అంది అత్త. "మూటకి శకునం ఉందా? లేదు కదా? గురువారం నుంచి నేను మనిషిని కాను. మీ సామానుని."

పంచాంగంలో దీనికి జవాబు లేదు. ఉన్నా మా ఇంట్లో ఆచారం గురించి ఆఖరి మాట అత్తదే, ఆవిడ మీద ఆవిడకే ఫిర్యాదు ఎలా చేస్తారు? నాన్న మాత్రం ఒక షరతు పెట్టాడు. బండి దిగాక సామాను కావిళ్ళ మీద పోవాలి కాబట్టి, అత్త మడివంట సరంజామా అంతా ఒక్క కావిడిలో పట్టాలి. పడితే వస్తుంది, పట్టకపోతే పెదనాన్నగారి కొడుకు ఇంటికి.

గురువారం పొద్దున్న పసుపు బట్టలో కొబ్బరికాయా బియ్యమూ కట్టిన మూటతో పాటు అత్త వీధి దాటి ఎదురింటి మామ్మగారి అరుగు మీదికి చేరింది. అక్కడే ఆవిడ మడివంటలో భోజనం, అక్కడే పడక. ప్రస్థానం పెట్టిన మూట మళ్ళీ ఇంటి గడప తొక్కితే ప్రయాణం ఆగిపోతుంది. అంచేత రెండు రోజులపాటు అత్త ఇంట్లోకి రావడానికి లేదు. మా ఇంటి చరిత్రలో అలాంటిది ఎప్పుడూ జరగలేదు.

గరిటె ఎక్కడ పెట్టాలన్నా అత్తనడిగి పెట్టిన మా అమ్మకి ఆ రెండు రోజులూ పూనకం వచ్చినట్టయింది. ఇల్లంతా తీసి బయట పెట్టింది. పరుపులు, జంపఖానాలు, కుంపటి, ఇడ్లీ గుండిగ, జల్లెడలు, కవ్వం, కవ్వానికి తాడు, తాడు తెగితే ఇంకో తాడు. రుబ్బురోలు కూడా కదిలించింది. ఎదురింటి అరుగు మీద నుంచి అత్త కేక.

"ఆ రోలు ఎందుకే అమ్మాయ్! కొండ మీద రాళ్ళుండవా?"

"ఆ రాళ్ళు ఎవరు ఏం రుబ్బారో వదినగారూ, తెలియొద్దూ?" అమ్మ ఇటు నుంచి కేక.

వీధిలో వచ్చేపోయేవాళ్ళు ఆగి వినడం మొదలుపెట్టారు. ఒకాయన అత్త పక్షం, ఇంకొకాయన అమ్మ పక్షం. మధ్యాహ్నానికి మామ్మగారు వాళ్ళందరికీ మజ్జిగ కూడా పోసింది.

నాన్న ఆసుపత్రి డాక్టరుగారిని అడిగి రెండు దోమతెరలు తెచ్చాడు. మన్యం జ్వరం దోమల వల్ల వస్తుందనీ, ఏది మరిచినా అవి మరవొద్దనీ ఆయన చెప్పాడట. అమ్మ ఒప్పుకోలేదు. కొండనీళ్ళు పడక జ్వరం వస్తుందని ఊళ్ళో పసిపిల్లకి కూడా తెలుసు. అందుకని మా నూతి నీళ్ళు రెండు గంగాళాల నిండా పోసి, మూతి మీద గుడ్డ కట్టి సిద్ధం చేసింది. దోమతెరలు కూడా వృథా కాలేదు. మాగాయ జాడీ, నిమ్మకాయ జాడీ పగలకుండా వాటి చుట్టూ చుట్టింది. గడ్డి చుడితే దుమ్ము పడుతుంది, తెరయితే మెత్తగా ఉంది అని మురిసిపోయింది. అరుగు మీది నుంచి అత్త ఈ రెండింటికీ అడ్డు చెప్పలేదు. ఆవిడ ధ్యాసంతా తన కావిడి మీదే ఉంది.

కావిడికి రెండు బుట్టలు. రెండూ సమానంగా తూగాలి. అత్త తన సామాను ఒక్కొక్కటే నా చేత తెప్పించుకుని బుట్టల్లో పెట్టి చూసేది. పులుసు కాచే రాతిచిప్ప ఒక బుట్టలో పెడితే రెండోది గాల్లోకి లేచేది. ఇత్తడి గుండిగ పెడితే ఇది లేచేది. అన్నీ పెడితే కావిడి బద్ద మూలిగేది. సాయంత్రానికి ఆవిడ ఆచారాన్నే తగ్గించడం మొదలుపెట్టింది.

"దారిలో మడి సగమే," అంది. రాతిచిప్ప పోయింది.

"అడవిలో పావు," అంది. మడికర్ర, రెండో గుండిగ పోయాయి.

"మునులు దుంపలు కాల్చుకు తినలేదుటే? వాళ్ళకి కుంపటి ఎవడు మోశాడు?" అంది. కుంపటి కూడా ఇంటికి తిరిగి వచ్చేసింది.

నేను ఒక్కొక్కటే తిరిగి తెస్తుంటే అమ్మ ముక్కున వేలేసుకుంది. "నిన్నగాక మొన్న నా కొంగు గాలి తగిలిందని మళ్ళీ నూతి దగ్గరికి పోయింది కదే ఈవిడ! ఇప్పుడు మునులుట!" అంది. కానీ ఆ గొంతులో కోపం లేదు. నవ్వే వచ్చింది అమ్మకి.

శనివారం తెల్లారగట్ల రెండు బళ్ళు వచ్చాయి. వెనక బండిని ఎదురింటి ముందు ఆపి, ముందు పరుపులు, ఆ పైన అత్త, అత్త ఒళ్ళో జాడీలు సర్దాం. చాప అడ్డం కట్టారు, మేం గడప దాటేటప్పుడు కనబడకుండా. నాన్న కుడికాలు ముందు పెట్టి బయటికి వచ్చాడు. ఎవరూ ఎదురు రాలేదు. చాప వెనక నుంచి ఒక తుమ్ము మాత్రం వినిపించింది. అందరం బిగుసుకుపోయాం.

"సామాను తుమ్మితే లెక్క లేదు," అంది చాప.

ఘాటీ ఎక్కుతుంటే ఎండ తగ్గి గాలి మారింది. చాపకి ఒక చిల్లు పొడిచి అత్త లోకం చూస్తోందని నాకు ముందు బండిలోంచే తెలిసింది. ఒక వేలు బయటికొచ్చి అటూ ఇటూ చూపించేది. గంగాళాల్లో నీళ్ళు ప్రతి గతుకుకీ కొంచెం కొంచెంగా అమ్మ పరుపుల మీదికి దిగుతున్నాయి. ఆ సంగతి అమ్మకి ఇంకా తెలియదు.

అనంతగిరి ఇంకా కొంత దూరం ఉందనగా బళ్ళు ఆగాయి. బండివాడు దిగి ముందుకెళ్ళి చూసి వచ్చాడు. "బాబూ, ఇక బండెల్దండి. కల్వర్టు కూలిపోనాది."

నాన్న మొహం చూడాలి. పోయిన ఏడు ఆయన నిలబడి కట్టించిన కల్వర్టే అది. "పైనుంచి నీళ్ళు ఎక్కువ వచ్చుంటాయి," అన్నాడు ఎవరూ అడక్కుండానే. చైత్రమాసం, కింద మడమలు తడిసేంత నీళ్ళు పారుతున్నాయి.

డేరాలు ముందే జవాన్లతో పైకి చేరిపోయాయి. అక్కడికి ఇంకా కోసెడు దూరం. కావిడివాళ్ళని పిలుచుకు రమ్మని నాన్న బండివాణ్ణి పక్క గూడేనికి పంపాడు. వాడు తిరిగి వచ్చి తల అడ్డంగా ఊపాడు.

"మగోళ్ళు ఒక్కలు నేరు బాబూ. ఇటుకల పండగ కదేటి. అందరూ ఏటకెల్లిపోనారు. ఆడోళ్ళు వొత్తామన్నారు గానీ ఆళ్ళు కావిడి ముట్టరట. నెత్తి మీద ఎంత ఎత్తితే అంతే."

కొండవాళ్ళకి అది పెద్ద పండుగ. మగవాళ్ళంతా రోజుల తరబడి వేటకి పోతారు, ఊళ్ళు ఆడవాళ్ళ చేతుల్లో ఉంటాయి. ఇన్నేళ్ళ ఉద్యోగంలో నాన్న ఎప్పుడూ పండుగ దాటాకే కొండెక్కాడు. అమ్మ మంచి ఘడియ ఈసారి సరిగ్గా పండుగలోకి తెచ్చి పడేసింది.

కాసేపటికి ఆరేడుగురు ఆడవాళ్ళు దిగి వచ్చారు, ముక్కుకి రెండువైపులా పోగులు, చెవుల నిండా పోగులు. అందులో పెద్దావిడ నోట్లో చుట్ట ఉంది, నిప్పు ఉన్న కొస లోపలికి పెట్టి కాలుస్తోంది. సామాను చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి రోలు దగ్గర ఆగింది. "ఇది ఏటి?"

అమ్మ చెప్పింది.

"ఇది?" ఇడ్లీ గుండిగ. అమ్మ చెప్పింది. "ఇది?" గంగాళం. మా నూతి నీళ్ళని అమ్మ చెప్పగానే ఆవిడ పక్కవాళ్ళకి తమ మాటల్లో ఏదో అంది. వాళ్ళు నవ్వి నవ్వి ఒకరి మీద ఒకరు పడ్డారు. అమ్మ గుడ్డ విప్పి చూసుకుంది. గంగాళంలో అడుగున చెంబుడు మిగిలాయి. పరుపు పిండితే ఇంకో రెండు చెంబులు వచ్చేవి.

ఎత్తగలిగింది కొంచెమే కాబట్టి ఏరడం మొదలైంది. బియ్యం, పప్పు, ఉప్పు, లాంతరు, దుప్పట్లు. నాన్న తన చెక్కపెట్టె మీద చెయ్యి వేసి, "ఇది సర్కారు పెట్టె, ఇది లేకపోతే క్యాంపే లేదు," అన్నాడు. జాడీలు వదలడానికి అమ్మ ఒప్పుకోలేదు. కాబట్టి దోమతెరలు కూడా వాటి వెంట తప్పించుకున్నాయి. చివరికి అందరి నెత్తులూ నిండాయి. మిగతా సామాను బళ్ళ మీద వెనక్కి పోవాలి.

అత్త కావిడి బండి పక్కన అలాగే ఉంది.

నాన్న ఆవిడ వైపు చూడకుండా మాట్లాడాడు. "అక్కా, నీ గిన్నెలు పైకి చేరే దారి కనబడ్డం లేదు. అవి లేకుండా నువ్వు తినవు. బండి ఎలాగూ సామానుతో వెనక్కి పోతోంది కదా..."

"వదినగారు సామానులోనే కదా," అంది అమ్మ.

అనేసి నాలిక కరుచుకుంది. పాపం, పరుపు తడిసిన చిరాకులో నోరు జారింది. కానీ మాట బయటికి వచ్చేసింది. అత్త బండిలో మోకాళ్ళ మీద గడ్డం ఆనించి కొండ వైపు చూస్తూ కూర్చుంది. ఆ క్షణంలో నాకు మా అమ్మ మీద, నాన్న మీద, పంచాంగం మీద, కల్వర్టు మీద ఎంత కోపం వచ్చిందో చెప్పలేను.

అత్త బండి దిగింది. కావిడి బుట్టలోంచి చిన్న ఇత్తడి గిన్నె, బియ్యం సంచి, మడిబట్ట తీసింది. మూడూ కలిపి మూట కట్టింది. కొండ ఆడవాళ్ళని చూసి అలాగే ఒక గుడ్డ చుట్టకుదురులా చుట్టి బోడితల మీద పెట్టుకుంది. మూట ఎత్తి దాని మీద పెట్టుకుని, రెండు చేతులూ వదిలేసి నిలబడింది. మూట పక్కకి ఒరిగింది. చుట్టావిడ వచ్చి సరిచేసింది. తనని ఎవరో ముట్టుకున్నారని అత్త గమనించినట్టే లేదు.

"ఒరేయ్ తమ్ముడూ, సామాను సామాన్ని మోస్తుందా?"

"మొయ్యదు," అన్నాడు నాన్న.

"నేను మోస్తున్నాను. కాబట్టి నేను సామాను కాను. వెనక్కి పంపే హక్కు నీకు లేదు."

నాన్న మెల్లిగా అన్నాడు, "మరి మనిషిగా బయలుదేరితే... శకునం అక్కా."

"నేను మీకంటే ముందు పోతాను. నువ్వూ అటే వస్తున్నావు, నేనూ అటే పోతున్నాను. నా వీపు కనబడుతుంది నీకు. ఎదురు ఎలా వస్తానురా?"

ఈ వాదానికి కూడా పంచాంగంలో జవాబు లేదు. అత్త వాగులోకి దిగి, ఆగి, దోసిలితో కొండనీళ్ళు తాగి, "చల్లగా ఉన్నాయే!" అని అరిచి అవతలి ఒడ్డుకి ఎక్కింది. అమ్మ గుడ్లప్పగించి చూసింది.

అలా నడిచాం. ముందు అత్త, వెనక మోతవాళ్ళు, ఆ వెనక టోపీ గొడుగులతో నాన్న, అమ్మ, ఆఖర్న విసనకర్ర నెత్తి మీద పెట్టుకుని నేను. గూడెం మొదట్లో రోడ్డుకి అడ్డంగా ఒక వెదురుబొంగు కట్టి ఉంది. దాని దగ్గర ఇంకొంతమంది ఆడవాళ్ళు పాటలు పాడుతున్నారు. పండుగ రోజుల్లో ఆ దారిన ఎవరు పోయినా వాళ్ళకి ఏదో ఒకటి ఇచ్చి పోవాలిట. బరువు మోసేవాళ్ళు ఇవ్వక్కర్లేదు, పని చేసేవాళ్ళు కదా. బొంగు ఎత్తారు. అత్త తలెత్తి దర్జాగా దాటింది. మోతవాళ్ళు దాటారు. నా విసనకర్ర చూసి పడీ పడీ నవ్వి నన్నూ పోనిచ్చారు. నాన్న దగ్గర బొంగు దిగింది.

"ఓవర్సీరు బాబు నెత్తి మీద ఏటీ నేదు," అంది చుట్టావిడ.

"టోపీ ఉంది కదా," అన్నాడు నాన్న. ఒప్పుకోలేదు. అమ్మ తన తరఫున ఇంత ఉప్పు, బెల్లం ముక్కా ఇచ్చి బయటపడింది. నాన్న దగ్గర ఏమీ లేదుట. చుట్టావిడ సర్కారు పెట్టె దింపించి దాని చుట్టూ వాసన చూసింది. "పొగాకు," అంది.

"సర్కారు సామాను! ముట్టుకోకూడదు!" నాన్న గొంతు కొంచెం పలచబడింది.

ఆవిడ పక్కనున్న పెద్ద కుండ చూపించింది. నిండా పేడనీళ్ళు. వేట దొరక్కుండా ఉత్త చేతులతో తిరిగొచ్చిన మగవాళ్ళ మీద పొయ్యడానికి కలిపి పెట్టుకున్నవి. ఉత్త చేతులతో వచ్చిన వాళ్ళలో ఓవర్సీర్లు ఉండకూడదని నియమమేమీ లేదుట. నాన్న ఒంటి మీద చలువ చేసిన తెల్లకోటు. అవతలి నుంచి అత్త కేక వేసింది.

"పొయ్యనీరా! పేడనీళ్ళే కదా, దారి మైల పోతుంది!"

నాన్న పెట్టె తీశాడు. పైన సర్వే గొలుసు. గొలుసు కింద మడత పెట్టిన తువ్వాలు. తువ్వాలు కింద జానెడు చుట్టల కట్ట. ఇంట్లో ఎప్పుడూ పొగ తాగని మనిషి మా నాన్న. అమ్మ మెల్లిగా మొహం అటు తిప్పుకుంది, భుజాలు కదులుతున్నాయి. ఆడవాళ్ళు కట్ట విప్పి తలొకటి తీసుకుని బొంగు ఎత్తారు. మిగిలిన నాలుగు చుట్టలూ పట్టుకుని నాన్న దాటాడు, అక్క మొహం చూడలేక.

"సర్కారువారు పొగాకు మంచిదే కొంటున్నారు," అంది అత్త. "ఇరవై ఏళ్ళ నుంచీ వాసన వస్తూనే ఉందిరా నాయనా, దాస్తున్నావు పాపం, అడగటం దేనికని ఊరుకున్నాను." ఆ మాట అని వెనుదిరిగి చకచకా నడిచింది. మేం ఇంకా నవ్వుకుంటూ సర్దుకుంటూ ఉండగానే రోడ్డు మలుపు తిరిగి కనబడకుండా పోయింది.

మలుపు వైపు మేం కదిలాం. నాన్న ముందు, అమ్మ పక్కన. కొంచెం దూరం పోయామో లేదో, అటు నుంచి అత్త పరుగెత్తుకుంటూ వస్తోంది. నెత్తి మీద మూట లేదు, పైకొంగు భుజం మీంచి జారి వెనక ఎగురుతోంది. తిన్నగా మా వైపు, రోడ్డు మధ్యలో, ఎదురుగా. నాకు తెలిసి, పిల్లి తరమకుండా ఆవిడ ఎవరికైనా అలా ఎదురు రావడం అదే మొదటిసారి. తను ఎటు నుంచి ఎటు వస్తోందో ఆవిడకి తట్టనే లేదు.

"ఒసే అమ్మాయ్, మన ఊరు కనబడుతోందే! అక్కడి నుంచి కిందకి చూస్తే మన ఊరే! ఇంతే ఉంది!" అంటూ చిటికెనవేలి గోరు చూపిస్తోంది. "ఇంతేనే మన ఊరు! మన ఇల్లయితే కనబడనే లేదు!"

నాన్న అలవాటుగా ఆగిపోయాడు. ఒక కాలు వెనక్కి కూడా వేశాడు. అమ్మ ఆగింది. ఇప్పుడు అమ్మ వెనక్కి తిరిగితే, కూర్చుని నీళ్ళు అడిగితే, అత్త ఆ మొహాన్ని ఏం చేసుకుంటుంది అనిపించింది.

అమ్మ కొంగు బిగించి దోపింది. "ఏదీ, ఎక్కడ వదినగారూ, చూపించండి," అంటూ ఆవిడకి ఎదురు పరుగెత్తింది.